చెన్నై బీసెంట్ నగర్ తీరంలో దీపాలెందుకు ఆర్పమంటున్నారు?

ప్రశ్న: ఇక్కడ ఇల్లు కొని ఈ మధ్యే దిగాం. రాత్రి డాబా మీద దీపాలు ఆర్పమంటున్నారు. ఉగాది పూట కూడానా?

జవాబు: తాబేళ్ల కోసమండీ. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీలు ఇక్కడ గుడ్లు పెడతాయి. పిల్లలు వెలుగు కనిపించిన వైపే పాకుతాయి, సముద్రం బదులు రోడ్డెక్కుతాయి. అరచేతిలో సగం కూడా ఉండవు, ఒళ్లంతా ఇసుక. ఒకసారి చూస్తే దీపం మీరే ఆర్పుతారు.

మరొకరు: ఇల్లు కొన్నారు కదా, ఏప్రిల్ 30లోపు కార్పొరేషన్‌కు ఆస్తి పన్ను కట్టండి. 5 శాతం తగ్గుతుంది, గరిష్ఠంగా 5,000 రూపాయలు. తాబేళ్లకు ఆ బాధ లేదు.

ప్రశ్న అడిగినవారు: మా వీధి దీపం అసలు వెలగడమే లేదు!

జవాబు: కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913కు ఫోను చేయండి. కాస్త ఆగి, తాబేళ్లు వెళ్లాక చేస్తే మరీ మంచిది.