ఫ్లారెన్స్ నైటింగేల్ కాకుండా ఇంకెవరి గురించి చెప్పొచ్చు? సెమినార్ ఉంది

కావలి_అమ్మాయి:
చెన్నైలో బీఎస్సీ నర్సింగ్ సెకండియర్ చదువుతున్నాను. నర్సింగ్‌ని వృత్తిగా నిలబెట్టిన ఒక నాయకురాలి జీవితం మీద సెమినార్ ఇవ్వాలి. క్లాసులో సగం మంది నైటింగేల్‌నే తీసుకున్నారు, మేడమ్ నన్ను వేరే ఎవరినైనా చూసుకోమన్నారు. ఇంకో సంగతి, మా సీనియర్లు ఇక్కడ ఏ ఆస్పత్రికి ఇంటర్వ్యూకి వెళ్లినా ముందు అడిగేది నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరే అంటున్నారు. అసలు ఈ రిజిస్ట్రేషన్ కోసం మొదట పోరాడింది ఎవరు? టెన్షన్‌గా ఉంది, కాస్త చెప్పండి.

రాయపేట_సిస్టర్:
చెల్లీ, ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ గురించి చెప్పు. నీ రెండు ప్రశ్నలకీ ఆవిడే జవాబు. 1857లో స్కాట్లాండ్‌లో పుట్టింది, 1881లో 24 ఏళ్లకే లండన్ సెయింట్ బార్తలోమ్యూస్ ఆస్పత్రికి మేట్రన్, అంటే నర్సులందరికీ పెద్ద, అయింది. ఆ వయసులో మనం ఇంకా నైట్ డ్యూటీలో సీనియర్ ఏమంటుందో అని భయపడుతూ ఉంటాం! 1887లో ఒక డాక్టర్‌ని పెళ్లి చేసుకుని ఉద్యోగం మానేసింది కానీ అసలు పని అప్పుడే మొదలుపెట్టింది. ఆ రోజుల్లో ఏప్రన్ కట్టుకున్న ఎవరైనా నేను నర్సునని చెప్పుకోవచ్చు, ఇంటికి పిలిపించుకున్నవాళ్లకి ఆమె నిజంగా ట్రైనింగ్ అయిందో, నాలుగు రోజులు వార్డు ఊడ్చి వచ్చిందో తెలిసే దారే లేదు. డాక్టర్లకి ఉన్నట్టే నర్సులకీ చట్టప్రకారం రిజిస్టరు ఉండాలని ఆవిడ పట్టుబట్టింది. 1887లోనే నర్సుల సంఘం పెట్టింది, పత్రిక నడిపింది, 1899లో అంతర్జాతీయ నర్సుల మండలి పెట్టడంలో ముందు నిలిచింది. పార్లమెంటులో బిల్లులు వీగిపోతూనే ఉన్నాయి, ఈలోగా న్యూజిలాండ్ 1901లోనే చట్టం చేసేసింది. బ్రిటన్‌లో 1919 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. రిజిస్టరు తెరిచాక మొదటి నంబరు ఆవిడదే.

క్యాజువాలిటీ_నైట్:
ఒకటి మర్చిపోకుండా చెప్పమ్మా, ఈ రిజిస్టరుని నైటింగేలే వ్యతిరేకించింది. మంచి నర్సుకి కావలసిన గుణం పరీక్ష పెడితే తెలియదని ఆవిడ వాదన. అందులో నిజం లేకపోలేదు, థియరీలో ఫస్ట్ వచ్చినవాళ్లు యాక్సిడెంట్ కేసు రాగానే బిగుసుకుపోవడం నేను చూశాను. అయినా నేను ఫెన్విక్ పక్షమే. గుణం చూసి సర్టిఫికెట్ ఇచ్చేది ఎవరు? మేట్రనూ ఆస్పత్రీ. అంటే నర్సు బతుకంతా వాళ్లు రాసే ఉత్తరం మీదే ఆధారపడుతుంది. నా మొదటి ఉద్యోగం మానేసినప్పుడు ఒక నర్సింగ్ హోమ్ వాళ్లు ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇవ్వకుండా నెలల తరబడి తిప్పారు. కౌన్సిల్ నంబరు నా చేతిలో ఉంది కాబట్టి ఇంకోచోట చేరగలిగాను. వాళ్లు దాన్ని ఆపలేరు కదా.

గుంటూరు_జీఎన్ఎం:
ఫెన్విక్ గొప్పదే, కానీ దేవతని చేయొద్దు. చదువుకున్న, కలిగిన ఇళ్ల ఆడవాళ్లే నర్సులు కావాలన్న పట్టుదల ఆవిడది. ఏళ్లుగా పనిచేస్తున్న నర్సులు రిజిస్టరులో చేరదామని దరఖాస్తు పెడితే ఒక్కో కాగితం పట్టుకుని ఆరా తీసింది, పని నత్తనడక నడిచింది, రిజిస్టరు చూసుకునే అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌లో పెద్ద గొడవే అయింది. తర్వాత ఆ కౌన్సిల్‌కి జరిగిన మొదటి ఎన్నికల్లో ఆవిడే ఓడిపోయింది. పేదింటి నుంచి వచ్చి జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసినదాన్ని, నాకు ఇది గుచ్చుకుంటుంది. సెమినార్‌లో ఇదీ పెట్టు.

మన వైపు సంగతి కూడా చెప్పు. మన ట్రెయిన్డ్ నర్సుల సంఘం 1908లో మొదలై 1912లో ఆ అంతర్జాతీయ మండలిలో చేరింది. మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం 1926లో వచ్చింది. అప్పుడు నెల్లూరు, గుంటూరు అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే, కాబట్టి ఆ చట్టం మన జిల్లాలదీనూ.

కావలి_అమ్మాయి:
థాంక్స్ అక్కా, అందరికీ. ఫెన్విక్‌నే తీసుకుంటున్నాను, ఓడిపోయిన ఎన్నికతో సహా. 1926 చట్టం పూర్తి ప్రతి చూడాలంటే ఇక్కడి కన్నెమరా లైబ్రరీలో దొరుకుతుందా, ఎవరైనా వెళ్లి చూశారా?