ఆయిలర్స్ వరుసగా రెండు ఫైనల్స్ ఓడింది గోల్‌కీపర్ వల్లేనా?

గుణదల మిత్రుడు, విజయవాడ

మనం అభిమానించే కెనడా ఐస్ హాకీ జట్టు ఎడ్మంటన్ ఆయిలర్స్ 2024లోనూ 2025లోనూ ఉత్తర అమెరికా లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్‌కు చేరి, రెండుసార్లూ అమెరికా జట్టు ఫ్లోరిడా పాంథర్స్ చేతిలోనే ఓడిపోయింది. ఫైనల్ అంటే ఒక్క ఆట కాదు, ముందుగా నాలుగు ఆటలు గెలిచినవారిదే కప్పు. ఆ నిందనంతా మనవాళ్లు గోల్‌కీపర్ స్టువర్ట్ స్కిన్నర్ నెత్తిన వేస్తూ వచ్చారు. 2025 డిసెంబరులో అతణ్ణి పిట్స్‌బర్గ్ జట్టుకు పంపి అక్కడి గోల్‌కీపర్ ట్రిస్టన్ జారీని తెచ్చుకున్నాక, పీడ విరగడైందన్న ధోరణి మరీ ఎక్కువైంది. నాకు ఈ వాదన మింగుడు పడటం లేదు.

కప్పు చేజారిన ఆ రెండు ఆటలనే పక్కపక్కన పెట్టి చూడండి. 2024 ఏడో ఆటలో స్కోరు 2-1. అంతటి ఆటలో రెండే గోల్స్ ఇచ్చినవాణ్ణి తప్పుపట్టడానికి నోరెలా వస్తుంది? 2025 ఆరో ఆట 5-1తో ముగిసింది నిజమే గాని, పాంథర్స్ ఆటగాడు శామ్ రైన్‌హార్ట్ కొట్టిన నాలుగు గోల్స్‌లో చివరి రెండూ మనవాళ్లు గోల్‌కీపర్‌ను బయటికి పిలిచి, అదనపు ఆటగాణ్ణి దించి, వల ఖాళీగా వదిలినప్పుడు పడ్డవి. స్కిన్నర్ ఇచ్చినవి మూడే. ఆ రెండు ఆటల్లోనూ మనం కొట్టింది ఒక్కో గోల్. ఒక్క గోల్ చేతిలో పెట్టి కప్పు గెలిపించమని ఏ గోల్‌కీపర్‌ను అడగగలం?

బ్రాడీపేట ప్రేక్షకుడు, గుంటూరు

గుణదల మిత్రులు తమ వాదనకు అనువైన రెండు ఆటలను ఏరుకున్నారు. 2025 ఫైనల్ మూడో ఆటలో 6-1తో చిత్తుగా ఓడినప్పుడు స్కిన్నర్‌ను మధ్యలోనే తీసేశారు. నాలుగో ఆట మన గడియారం ప్రకారం తెల్లవారుజామున మొదలైంది. పాలవాడు తలుపు తట్టేసరికి మొదటి పీరియడ్ అయిపోయి స్కోరు 3-0 అయింది, మళ్లీ గోల్‌కీపర్‌ను మార్చారు. మన రెండో గోల్‌కీపర్ కాల్విన్ పికార్డ్ వచ్చి నిలబడ్డాకనే జట్టుకు ఊపిరి వచ్చింది, ఓవర్‌టైమ్‌లో మన లియాన్ డ్రైసాయిటిల్ గోల్‌తో 5-4గా గెలిచాం. అంతకు ముందు తొలి రౌండ్‌లో లాస్ ఏంజెలిస్‌పై స్కిన్నర్ ఆడిన మొదటి రెండు ఆటలూ పోయాయి. పికార్డ్ గాయపడేలోగా ఆరుకు ఆరూ గెలిచాడు. వెనక ఉన్నవాడి మీద నమ్మకం లేనప్పుడు ముందున్న డిఫెన్స్‌వాళ్లు తెగించి ఆడలేరు. ఆ భయం స్కోరుబోర్డులో కనిపించదు.

కృష్ణలంక అభిమాని, విజయవాడ

మీరిద్దరూ అసలు సంగతిని వదిలేశారు. ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. జట్టు జీతాల పరిమితి అందరికీ ఒక్కటే అయినప్పుడు, అదే జీతానికి అక్కడి ఆటగాడి చేతిలో మిగిలేది ఎక్కువ. 2020, 2021ల్లో టాంపా బే, 2023లో వేగాస్, ఆ తరువాత రెండేళ్లూ పాంథర్స్: అన్నీ అలాంటి రాష్ట్రాల జట్లే. మధ్యలో 2022లో కొలరాడో ఒక్కటే తేడా. 1993లో మాంట్రియల్ గెలిచాక కెనడాకు కప్పు రాకపోవడంలో వింత ఏముంది?

గుణదల మిత్రుడు, విజయవాడ

కృష్ణలంక అభిమానిగారి లెక్క సరైనదే గాని, అది మన జట్టు చేజేతులా చేసుకున్నదానికి సాకు కాకూడదు. 2024 ఆగస్టులో సెయింట్ లూయిస్ బ్లూస్ మన యువకులు ఫిలిప్ బ్రోబర్గ్, డిలన్ హాలోవేలకు ఒప్పంద ప్రతిపాదనలు పంపింది. మనం వాటికి సరితూగే మొత్తం ఇవ్వకుండా ఇద్దరినీ వదులుకున్నాం. వాళ్లను తీసుకున్న సెయింట్ లూయిస్ ఉన్న మిస్సోరి రాష్ట్రంలో ఆదాయపు పన్ను ఉంది. హాలోవే మరుసటి సీజన్‌లోనే 26 గోల్స్ కొట్టాడు. ఏడాదికి సుమారు 23 లక్షల డాలర్ల ఆటగాడు అతను! ఈ ఒక్క విషయం తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బ్రాడీపేటవారు స్కిన్నర్ చెడ్డ రోజులను చెప్పారు, మంచి రోజులను మింగేశారు. అదే 2025 ప్లేఆఫ్స్‌లో (కప్పు కోసం సాగే నాకౌట్ దశలో) అతను మూడు ఆటల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. వాటిలో రెండు వేగాస్ మీద వరుసగా వచ్చాయి, అవి లేకపోతే ఫైనల్ మాటే ఉండేది కాదు. ఇక గోల్స్ కొట్టవలసినవారి సంగతి చూద్దాం. 2024 ఫైనల్‌లో ఏడు ఆటలాడి డ్రైసాయిటిల్ ఒక్క గోల్ కూడా కొట్టలేదు. మన కెప్టెన్ కానర్ మెక్‌డేవిడ్ నాలుగు, అయిదు ఆటల్లో నాలుగేసి పాయింట్లు (గోల్ కొట్టినా, గోల్‌కు పాస్ అందించినా ఒక పాయింటు) సాధించి, 0-3 నుంచి సిరీస్‌ను నిలబెట్టి, ఓడిన జట్టులో ఉండి కూడా ప్లేఆఫ్స్ అత్యుత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ అందుకున్నాడు; అయితే చివరి రెండు ఆటల్లో అతని పేరిట ఒక్క పాయింటు లేదు. 2025 ఫైనల్‌లో అతనిది ఒకే గోల్. పాంథర్స్ వాళ్లిద్దరినీ కట్టడి చేశాక, ఒక్క రైడర్‌నే నమ్ముకున్న కబడ్డీ జట్టులా అయింది మన పరిస్థితి. మన ఫార్వర్డ్ జాక్ హైమన్ ఆ ఏడాది మణికట్టు గాయంతో, ఫైనల్‌కు ముందరి పశ్చిమ విభాగపు ఫైనల్లోనే తప్పుకున్నాక ఆ లోటు పూడ్చేవాడే దొరకలేదు.

అవతలివైపు మూడో వరుసలో, అంటే పెద్ద తారల తరువాత వంతుల వారీగా దిగే మూడో ఫార్వర్డ్‌ల ముగ్గురి బృందంలో, ఎవరున్నారు? ఆంటన్ లుండెల్, ఈటూ లూస్టారినెన్‌ల పక్కన బ్రాడ్ మర్చాండ్. ఆ ఫైనల్లో అతనొక్కడే ఆరు గోల్స్ కొట్టాడు. పెద్ద తారలు నలభై యాభై సెకన్లు ఆడి బెంచీ మీదికి వచ్చి ఊపిరి తీసుకునేటప్పుడు మంచు మీద ఎవరున్నారన్నదే తేడా తెచ్చింది.

బ్రాడీపేట ప్రేక్షకుడు, గుంటూరు

మూడో వరుస సంగతి కాదనను, కాని ఆ ఫైనల్స్ నాటికి స్కిన్నర్ జీతం ఏడాదికి 26 లక్షల డాలర్లు, పాంథర్స్ గోల్‌కీపర్ సెర్గీ బాబ్రోవ్‌స్కీ జీతం కోటి డాలర్లు. గెలిచిన జట్టు ఆ చోట ఖర్చుకు వెనుకాడలేదు. మనం ఆదా చేసుకున్నది ఆ చోటే.

గుణదల మిత్రుడు, విజయవాడ

అలా ఆదా చేసిన డబ్బు మూడో వరుసకు చేరిందా అన్నదే నా ప్రశ్న. మెక్‌డేవిడ్ 2025 అక్టోబరులో రెండేళ్లకే సంతకం చేశాడు, అదీ పాత జీతమైన కోటీ పాతిక లక్షల డాలర్లకే. ఎంత అడిగినా ఇచ్చేవారే. మిగిలిన డబ్బుతో తన చుట్టూ జట్టును కట్టమనే అతను తగ్గాడని నేను అనుకుంటున్నాను. ఆ ఒప్పందం 2027-28 సీజన్‌తో ముగుస్తుంది. కాబట్టి జారీ ఎన్ని పక్‌లు (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే బిళ్ల) ఆపాడన్నది లెక్కించేవారు, ప్లేఆఫ్స్‌లో మూడో వరుస ఎన్ని గోల్స్ కొట్టిందో కూడా అదే కాగితం మీద రాసుకోవలసిందిగా కోరుతున్నాను.