ముక్కు, చెవి పైభాగం కుట్టించాలి: గన్నా, సూదా? షాపులో ఏం చూడాలి?

శిరీష_కేపీహెచ్‌బీ: చెల్లికి ముక్కు, చెవి పైన మెత్తటి ఎముక దగ్గర కుట్టించాలి. మాల్‌లో గన్‌తో నిమిషంలో అయిపోతుందంటున్నారు. అమ్మేమో కంసాలి దగ్గరికే పోదామంటోంది. టాటూ స్టూడియోలో టైటానియం పిన్నుతో కలిపి నాలుగింతలు చెప్పారు. అంత పెట్టొచ్చా? వెళ్లాక ఏం అడగాలి?

సూదిమొన: గన్ వద్దండి. అది సూదిలా కోయదు, మొద్దు కమ్మినే స్ప్రింగు బలంతో తోసేస్తుంది. తమ్మె ఎలాగో తట్టుకుంటుంది. పైన ఎముకకి నెత్తురు అందేదే తక్కువ. నలిగిన చోట సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పట్టిందంటే చెవి ఎర్రగా ఉబ్బి, చీము పట్టి, చివరికి ఆకారమే ముడుచుకుపోవచ్చు. పైగా చాలా గన్‌లు ప్లాస్టిక్‌వి, ఆటోక్లేవ్ (ఒత్తిడితో వేడి ఆవిరి పట్టి క్రిముల్ని చంపే యంత్రం) వేడికి నిలవవు. స్పిరిట్‌తో తుడిచి తర్వాతి మనిషికి వాడేస్తారు.

స్టూడియోలో "ఆటోక్లేవ్ ఉందా?" అంటే అందరూ ఉందనే అంటారు. చూపించమనండి. నీలి లైటు వెలిగే యూవీ డబ్బా ఆటోక్లేవ్ కాదు, డెట్టాల్ గిన్నె అసలే కాదు. పౌచ్‌లో పెట్టిన పరికరాలు 121 డిగ్రీల ఆవిరిలో అరగంట ఉండాలి. పౌచ్ మీద గీత రంగు మారితే వేడి తగిలిందని మాత్రమే లెక్క. క్రిములు చచ్చాయని తేల్చేది స్పోర్ టెస్టు, అంటే మొండి క్రిముల్ని యంత్రంలో పెట్టి చచ్చాయో లేదో చూసే పరీక్ష. ఆ రిపోర్టు అడిగితే మొహం చిట్లించారా, లేచి వచ్చేయండి. సూది ప్యాకెట్ మీ కళ్లముందే చింపాలి, వాడాక సూదులు పడేసే తెల్ల షార్ప్స్ డబ్బాలో వేయాలి. గ్లౌజు చేత్తో ఫోనెత్తితే గ్లౌజు మార్చాల్సిందే.

లోహం_లెక్క: రేటులో తేడా చాలావరకు పిన్నుదే. బిల్లు మీద "ఏఎస్‌టీఎం ఎఫ్136 టైటానియం" (ఒంట్లో అమర్చే వాటికి వాడే రకం) అని రాయించుకోండి. ఉత్త "సర్జికల్ స్టీల్" అన్నమాటకి అర్థం లేదు, అందులో కొందరికి అలర్జీ తెచ్చే నికెల్ ఉంటుంది. 22 క్యారెట్ల బంగారం మెత్తన, గీతలు పడి పుండుని రాపాడుతుంది, మానాక వేసుకోనివ్వండి. కంసాలికి చేతి నేర్పు ఉంటుంది, కాదనను. ఆ తీగా పట్టకారూ ఆటోక్లేవ్ మొహం చూసుంటాయా అన్నదే ప్రశ్న. మొదటి పిన్ను వాపుకి చోటుండేలా కాస్త పొడుగ్గా ఉండాలి. 0.9 శాతం సెలైన్‌తో రోజుకి రెండుసార్లు కడిగితే చాలు. పసుపు, కొబ్బరినూనె వద్దు. ముక్కు మానడానికి 4–6 నెలలు, చెవి పైభాగానికి 6–12.

శిరీష_కేపీహెచ్‌బీ: ఒకవేళ చీము పడితే పిన్ను తీసేయాలా?

సూదిమొన: మీ అంతట మీరు తీయొద్దు. రంధ్రం పైన మూసుకుపోయి చీము లోపలే ఉండిపోతుంది. చెవి పైభాగమైతే అదే రోజు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి.