అప్‌డేట్: గుడ్ల మీద వాటర్‌కలర్ ఎట్టకేలకు పట్టింది

ఈస్టర్‌కి మా సండే స్కూల్ పిల్లలతో గుడ్లకు వాటర్‌కలర్ వేయిస్తుంటే, తామరాకు మీద నీళ్లలా జారిపోతోందని అడిగాను కదా. వెనిగర్‌తో తుడవమన్న సలహానే పనిచేసింది. ఉడికించిన గుడ్లు చల్లారాక, వెనిగర్‌లో ముంచిన దూదితో ఒక్కసారి తుడిచి ఆరనిచ్చాను. ఎక్కువ రుద్దకండి. పెంకులోని కాల్షియం కార్బొనేట్ కరిగి సన్నటి బుడగలొస్తాయి. నా అత్యుత్సాహానికి మొదటి గుడ్డు సుద్దముక్కలా గరుకైపోయింది! తర్వాత బ్రష్‌లో నీళ్లు తగ్గించి, పల్చగా రెండు పూతలు వేశాం. ఎరుపు, నీలం చక్కగా పట్టాయి, పసుపు మాత్రం వెలవెలబోయింది. ఒక్కటే తలనొప్పి, తడిచేయి తగిలితే రంగు వేళ్లకు అంటుతోంది. అందుకే సీసా మూతల మీద నిలబెట్టి ఆరబెట్టాం. పెంకు చిట్లి రంగు లోపలికి దిగిన రెండింటినీ తినకుండా పారేశాం.