మోకరిస్తే మాట రావడం లేదు, ఏ వాక్యంతో మొదలుపెట్టాలి?

మా ఆయనకు పక్షవాతం వచ్చి 8 నెలలైంది. కుడి చెయ్యి కదలదు. అప్పటి నుంచి నాకు ప్రార్థన సాగడం లేదు. వేకువన 5 గంటలకు మోకరిస్తాను. ‘తండ్రీ’ అన్నాక మరో మాట రాదు.

మూడు నెలలు శుక్రవారం ఉపవాసం ఉన్నాను. శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలిగిస్తుందనే బైబిలు వచనం, రోమా 5:3-4, రోజూ చదివాను. ఓర్పు వచ్చింది గాని నిరీక్షణ, అంటే ఆశ, రాలేదు. పాస్టరుగారు స్తుతి కీర్తనలు పాడమన్నారు, గొంతు పెగలలేదు. 88వ కీర్తన ఒక్కటే నా మాటలా అనిపించింది. అది చీకటిలోనే ముగుస్తుంది, అయినా దేవునితోనే మాట్లాడుతుంది. మా ఆయనకు అన్నం తినిపిస్తూ అదే చదువుతుంటాను. నిన్న ఎడమ చేత్తో ఆయనే పేజీ తిప్పారు.

ఇలాంటి రోజులు దాటినవారు చెప్పండి: మాట రాని కాలంలో మీరు ఏ వాక్యంతో ప్రార్థన మొదలుపెట్టారు?