లేడీ డాక్టర్‌ని రష్యన్‌లో ఏమంటారు, క్రొయేషియన్‌లో ఏమంటారు?

మొన్న ఇక్కడ సంపాదకురాలు, దర్శకురాలు లాంటి మాటల మీద చర్చ నడిచింది కదా. ఒక వృత్తిలోకి ఆడవాళ్ళు ఎక్కువమంది వస్తే స్త్రీలింగం మాట దానంతట అదే పుడుతుందని ఒకరన్నారు. నేను ఒప్పుకోను. రష్యాలో ఆరేళ్ళు మెడిసిన్ చదివాను కాబట్టి ఆ భాషతోనే మొదలుపెడతా.

సోవియట్ కాలం నుంచీ అక్కడ డాక్టర్లలో ఎక్కువమంది ఆడవాళ్ళే. అయినా డాక్టర్‌కి వాళ్ళ మాట 'వ్రాచ్', పుంలింగం. మర్యాదగా పిలవగలిగే స్త్రీలింగ రూపం దానికి ఈ రోజుకీ స్థిరపడలేదు. టీచర్‌కి మాత్రం ఉంది: మగవాడైతే ఉచీతెల్, ఆవిడైతే ఉచీతెల్నిత్సా, ఎవరికీ ఇబ్బంది లేదు. మొదటి ఏడాది నాకు ఇది తెలీదు. నేతపని చేసే ఆవిడని 'త్కచీఖా' అంటారని పాఠంలో చదివి, అదే లెక్కన వార్డులో ఒక నర్సుతో "వ్రచీఖా వచ్చింది" అన్నాను. ఆవిడ చేతిలో ఉన్న కేస్ షీట్ పక్కన పెట్టి, నన్ను కారిడార్‌లోకి పిలిచి, ఆ మాట పేషెంట్లు విసుక్కున్నప్పుడు వాడతారు, నువ్వు వాడకూడదు అని నెమ్మదిగా చెప్పింది. అప్పుడు పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది. తర్వాత తెలిసింది, ఆ 'ఈఖా' ప్రత్యయమే ఆడ జంతువుల పేర్లలోనూ వస్తుంది, 'స్లనీఖా' అంటే ఆడ ఏనుగు. నేతపనిలో అది మామూలు మాటే, డాక్టర్‌కి తగిలిస్తే చులకన.

ఇంకో ప్రత్యయం 'షా' సంగతీ అంతే. 'గెనెరాల్షా' అంటే పాతకాలంలో జనరల్ గారి భార్య. మన దొరసాని మాట ఉంది చూడండి, అలాంటిది. అందుకే 'దిరెక్తర్షా' అంటే మొగుడి హోదాతో బతికే మనిషి అన్న వాసన ఎక్కడో ఉంటుంది, దానికితోడు ఆఫీసు కాగితాల్లో అది చెల్లదు. సెక్రటరీ విషయంలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: పార్టీలోనో ప్రభుత్వంలోనో పెద్ద పదవిలో ఉంటే ఆడమనిషైనా 'సెక్రెతార్', బాసు గది బయట కూర్చుని ఫోన్లు ఎత్తే ఆవిడ 'సెక్రెతార్షా'. పేరున్న రష్యన్ కవి అన్నా అఖ్మతోవా తనని 'పొయెతెస్సా' (కవయిత్రి) అంటే ఇష్టపడేది కాదు, 'పొయెత్' (కవి) అనమనేది. స్త్రీలింగం మాట తగిలిస్తే మెట్టు దిగినట్టు ఉండే భాషలో ఆవిడ కోరిక నాకు పూర్తిగా అర్థమవుతుంది.

మరి ఆడ డాక్టర్ అని ఎలా తెలుస్తుంది? క్రియలో తెలుస్తుంది. 'వ్రాచ్ ప్రిషోల్' అంటే డాక్టర్ వచ్చాడు, 'వ్రాచ్ ప్రిష్లా' అంటే డాక్టర్ వచ్చింది. మాట పుంలింగమే, క్రియ స్త్రీలింగం, ఎవరూ తప్పు పట్టరు. విశేషణం దగ్గర చిక్కు వస్తుంది. మాటల్లో 'నోవయా వ్రాచ్' అని స్త్రీలింగం పెట్టి కొత్త డాక్టరమ్మ అంటారు గానీ, కొత్త డాక్టరమ్మని చూశాను అనాల్సి వచ్చేసరికి రెండో విభక్తిలో 'నోవవ వ్రచా' అని పుంలింగానికి తిరిగి రావలసిందే.

ఇక క్రొయేషియన్. ఇప్పుడు నాతో పనిచేసే ఒక డాక్టర్ ఆ దేశం నుంచి వచ్చింది. వ్రాచ్ ప్రిష్లా సంగతి చెప్తే ఆవిడ నమ్మలేకపోయింది. వాళ్ళ భాషలో 'లియెచ్నిక్' అని పుంలింగం పెట్టి, వచ్చింది అనే క్రియ కలిపితే వాక్యమే తప్పు. కాబట్టి 'లియెచ్నిత్సా' అనాలి, మామూలుగా పిలిచేటప్పుడు 'డోక్టోరిత్సా'. అందులో చులకన ఏమీ లేదు. జడ్జి 'సుదత్స్' అయితే ఆవిడ 'సుత్కిన్యా'. 2009లో యద్రాంకా కోసోర్ ప్రధాని అయితే 'ప్రెమియెర్కా' అన్నారు, 2015లో కొలిండా గ్రాబర్-కిటారోవిచ్ అధ్యక్షురాలైతే 'ప్రెద్స్యెద్నిత్సా' అన్నారు. ఉద్యోగ ప్రకటనల్లో పుంలింగం మాట వేసి పక్కన బ్రాకెట్లో మగ/ఆడ అని రెండక్షరాలు పెట్టే అలవాటు కూడా ఉంది.

ఒక చిన్న ముచ్చట. లేడీ ప్రొఫెసర్‌ని క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో 'ప్రొఫెసోరిత్సా' అంటారు, పక్కనే ఉన్న సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో 'ప్రొఫెసోర్కా'. ఆ ఒక్క ప్రత్యయంతో మనిషిది ఏ వైపో తెలిసిపోతుంది.

నా వాదన ఇంతే: ఎంతమంది ఆడవాళ్ళు ఆ పనిలో ఉన్నారన్నది కాదు, చేతిలో ఉన్న ప్రత్యయానికి మచ్చ ఉందా లేదా, వ్యాకరణం తప్పించుకోనిస్తుందా లేదా అన్నదే తేలుస్తుంది.

వ్యాఖ్య: బాగా చెప్పారండీ. మరి రష్యాలో ఈమధ్య కొత్త మాటలు పుట్టిస్తున్నారని విన్నాను?

నా జవాబు: అవునండీ, 'అవ్తర్కా' (రచయిత్రి), 'రెదాక్తర్కా' (సంపాదకురాలు) లాంటివి స్త్రీవాదులు వాడుతున్నారు. చాలామందికి అవి చెవికి గుచ్చుకుంటాయి, దానికి ఒక కారణం ఊనిక, అంటే మాటలో ఒత్తి పలికే చోటు. 'స్తుద్యేంత్కా' (విద్యార్థిని) అన్న మాటలో ఊనిక 'కా'కి సరిగ్గా ముందు అక్షరం మీద పడుతుంది, 'అవ్తర్'లో మొదట్లోనే పడిపోతుంది, అందుకని 'కా' అతికించినట్టు ఉంటుంది. ఇంకో అడ్డంకి, కావలసిన మాట అప్పటికే వేరే పనిలో ఉండటం. 'మషినీస్త్' అంటే రైలు డ్రైవరు, 'మషినీస్త్కా' అంటే టైపిస్టు. 2021 జనవరిలో మాస్కో మెట్రోలో ఆడవాళ్ళు మళ్ళీ రైళ్ళు నడపడం మొదలుపెట్టారు, అంతకుముందు ఏళ్ళ తరబడి ఆ ఉద్యోగం ఆడవాళ్ళకి నిషేధమే. వాళ్ళని 'జెన్షినా-మషినీస్త్' అని రెండు మాటలు కలిపి పిలుస్తున్నారు.

వ్యాఖ్య: మన డాక్టరమ్మ, లాయరమ్మ వీటిలో ఎటు?

నా జవాబు: మన అమ్మలో గౌరవమే ఉంది, అందుకే బతికింది. పైగా "డాక్టర్ గారు వచ్చారు" అంటే ఆడో మగో క్రియలో కూడా తెలీదు, ఆ వెసులుబాటు ఆ రెండు భాషల్లో ఇంత తేలిగ్గా లేదు.

వ్యాఖ్య: మగ నర్సుని ఏమంటారు అక్కడ?

నా జవాబు: రష్యన్‌లో నర్సు 'మెద్‌సెస్త్రా', అంటే వైద్య సోదరి. మగవాడైతే 'మెద్‌బ్రాత్', వైద్య సోదరుడు. మన ఆసుపత్రుల్లో సిస్టర్ పక్కన మగ నర్సుని బ్రదర్ అన్నట్టే. క్రొయేషియాలో ఆవిడ 'మెదిత్సిన్స్కా సెస్త్రా', సోదరే. ఆయన మాత్రం 'మెదిత్సిన్స్కి తెహ్నిచార్', టెక్నీషియన్.