5 శాతం హద్దు దగ్గరున్న పెరాసిటిక్ యాసిడ్‌కి ఏ క్లాసు రాయాలి?

ప్రమాదకర సరుకుల క్లాసిఫికేషన్ చేసేవారు దయచేసి చెప్పండి. సరుకు హైడ్రోజన్ పెరాక్సైడ్, అసిటిక్ యాసిడ్, నీరు, స్టెబిలైజర్ కలిపిన డిసిన్ఫెక్టెంట్. గాలి పోయే మూతలున్న ప్లాస్టిక్ క్యాన్లలో, లారీ మీద వెళ్తుంది. నింపే రోజు పెరాసిటిక్ యాసిడ్ 4.7 శాతం.

5 శాతం దాటకపోతే యూఎన్ 3149 (ప్రమాదకర సరుకులకిచ్చే ఐక్యరాజ్యసమితి నంబరు): క్లాస్ 5.1 (ఆక్సిడైజర్), ఉప ప్రమాదం 8 (తినివేసే గుణం), ప్యాకింగ్ గ్రూప్ 2 (మధ్యస్థ ప్రమాదం). దాటితే ఆర్గానిక్ పెరాక్సైడ్, క్లాస్ 5.2. అప్పుడు లేబుల్, ట్రెమ్ కార్డు (ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే, డ్రైవర్ దగ్గరుండే పత్రం), లారీ మీది ఎమర్జెన్సీ ప్యానెల్ అన్నీ మారిపోతాయి.

చిక్కల్లా ఇది కలిపిన వెంటనే స్థిరపడకపోవడమే. పెరాక్సైడ్, అసిటిక్ యాసిడ్ కలిసి పెరాసిటిక్ యాసిడ్‌గా మారుతూ, సమతాస్థితి (శాతాలు ఇక మారని స్థితి) వచ్చేదాకా కొన్ని రోజులపాటు పెరాసిటిక్ శాతం పెరుగుతుంది. దారిలోనే 5 దాటవచ్చు. శాతం కొలిచే టైట్రేషన్‌లోనూ (అయోడైడ్ వేసి, విడుదలైన అయోడిన్‌ని బట్టి లెక్కించే పరీక్ష) తేడా వస్తుంది: శాంపిల్ చల్లగా ఉంచకపోతే, అయోడైడ్ వేశాక ఆలస్యం చేస్తే, మిగిలిన పెరాక్సైడ్ కూడా అయోడిన్ విడుదల చేసి అంకె పెంచేస్తుంది.

నింపిన రోజు అంకె తీసుకోవాలా, సమతాస్థితిలో వచ్చే గరిష్ఠ అంకెనా? నా ఉద్దేశంలో రెండోదే సరైనది, ప్రమాదం జరిగితే ఫైర్ సిబ్బంది నమ్మేది ఆ ప్యానెల్‌నే కాబట్టి. అయితే 5.1లోనే ఉంచాలంటే ఫార్ములాలో అసిటిక్ యాసిడ్ తగ్గించడం మేలా, నీరు పెంచడమా? ఎంత మార్జిన్ వదులుతున్నారు?